శ్రావణ అమావాస్య: కంద పూజ, ఎద్దుల పండుగ

వ్యాఖ్యాత: మహారాష్ట్ర విదర్భలోని సిరోంచ నుంచి ఒక సోదరి లైనులో ఉన్నారు. అడగండమ్మా.

శ్రోత: నమస్కారం గురువుగారూ. మా పుట్టిల్లు కోనసీమ. అక్కడ పోలాల అమావాస్యకు అమ్మ కంద మొక్కను పూజించేది. అత్తవారింట ఆ రోజు ఎడ్లకే పండుగ, కందను ఎవరూ ఎరుగరు. పిల్లలు పుట్టాక నాకు ఆ పూజ చేయాలని ఉంది. రెండూ చేస్తే తప్పవుతుందా?

పండితులు: తప్పేమీ లేదమ్మా, నిశ్చింతగా చేసుకోండి. తెలుగువారికీ మరాఠీవారికీ నెల అమావాస్యతోనే ముగుస్తుంది కనుక, మీ అమ్మగారి పోలాల అమావాస్య, మీ ఊరి ఎద్దుల పండుగ పోలా, మరాఠీ తల్లులు బిడ్డల కోసం నోచే పిఠోరీ అమావాస్య, ఈ మూడూ శ్రావణ బహుళ అమావాస్యనాడే వస్తాయి. 2023లో అధిక శ్రావణం రావడం వల్ల సెప్టెంబరు 14 దాకా ఆగవలసి వచ్చింది.

కంద దుంప చుట్టూ పిలకలు వేసి పెరుగుతుంది. సంతానం అలా వర్ధిల్లాలని మన తల్లులు దానికి పసుపు కుంకుమలు పెట్టి, పసుపు కొమ్ము కట్టిన తోరాన్ని చుట్టి, గారెలూ బూరెలూ నైవేద్యం పెట్టి, ఏటా బిడ్డను పోగొట్టుకున్న ఇల్లాలి కథ చెప్పుకొని అక్షతలు వేసుకుంటారు. మీ అత్తవారు పూజించే ఎద్దు ఆ బిడ్డలకే అన్నం పెడుతోంది. ఆ రెండు పూజలూ ఒకే ఇంటి క్షేమం కోసమని నా నమ్మకం.

శ్రోత: ముందురోజు మామగారు ఎడ్లను భోజనానికి పిలుస్తారండీ. అది నాకెంతో ఇష్టం.

పండితులు: విదర్భ పల్లెల్లో నాకూ అన్నిటికన్నా నచ్చే ఆచారం అదేనమ్మా. కాడి మోసి కాయలు కాసిన మూపులకు నెయ్యి, పసుపు రాసి మర్దన చేసి, 'ఈరోజు పిలుపు అందుకోండి, రేపు భోజనానికి రండి' అని అతిథిని పిలిచినట్టు ఎద్దును పిలుస్తారు. మర్నాడు దాని మెడ మీద కాడి పెట్టరు. ఏటిలో కడిగి, కొమ్ములకు రంగు వేసి, వీపున ఝూలు అనే అలంకారపు బట్ట కప్పి, ఊరి తోరణం కింద నిలబెట్టి, ఇంటికి తెచ్చి పూరణ్‌పోళీ, అంటే మన బొబ్బట్టు, తినిపిస్తారు. కోస్తాలో జ్యేష్ఠ పూర్ణిమనాటి ఏరువాక దుక్కి మొదలుపెట్టేముందు చేసే పూజ; ఈ పోలా దుక్కీ గుంటకా సాగి అలసిన జీవానికి రైతు తీర్చుకునే రుణం. అందుకే అసలు వ్రతం ఆ విశ్రాంతే. కొమ్ములకు ఘాటు రసాయనాల రంగులు పూసి, చెవులు పగిలే పాటల మధ్య గంటల తరబడి నిలబెట్టవద్దని మామగారికి నా మాటగా చెప్పండి.

శ్రోత: ఈ ఏడు ఎడ్లను అమ్మేసి ట్రాక్టరు కొన్నామండీ.

పండితులు: మట్టి ఎడ్ల జతను పీటమీద పెట్టి పూజించండి, పోలా మర్నాడు పిల్లలు కొయ్య ఎడ్లతో ఊరేగే తాన్హా పోలా మీ ప్రాంతంలో ఉన్నదే కదా. నైవేద్యంలో కొంత మాత్రం ఎడ్లున్న పొరుగింటికి తీసుకువెళ్లి, మీ పిల్లల చేతులతోనే వాటికి తినిపించండి.

శ్రోత: కంద మొక్క ఇక్కడ దొరకకపోతే?

పండితులు: సంతలో కంద దుంప దొరికినా చాలు, పిలక ఉన్నది చూసి తీసుకోండి. పూజయ్యాక పెరట్లో నాటితే పై ఏటికి మొక్క మీ ఇంట్లోనే ఉంటుంది.