పాత బ్యాండ్లు, కొత్త ఆల్బమ్‌లు: ఆ ఉరవడి ఎక్కడిది?

సభకు నమస్కారం. విశాఖపట్నంలో రాక్ సంగీతం గురించి మాట్లాడమని నన్ను కోరినప్పుడు, మన ఇంజనీరింగ్ కళాశాలల ఉత్సవాల్లో గిటారు పట్టే యువకులే ఎక్కువగా వస్తారని తెలిసి, కావాలనే వారి తాతల వయసువారిని విషయంగా ఎంచుకున్నాను. గత కొన్నేళ్లలో వెలువడిన రాక్ ఆల్బమ్‌లలో మంచి ఉరవడి ఉన్నవాటిని ఏరితే, అందులో డెబ్బై దాటినవారి పని గణనీయంగా కనిపిస్తుంది. ఆ ఉరవడి ఎక్కడి నుంచి వస్తోందన్నదే నా ప్రశ్న.

మన కర్ణాటక సంగీత సభల్లో వయసు లోపం కాదు. పెద్ద విద్వాంసుడి గొంతులోని జీరను కూడా రసికులు ఆస్వాదిస్తారు. చిన్న చిన్న పాటలను మహా వేగంగా వాయించే రాక్ శాఖ అయిన పంక్‌కు ఆ వెసులుబాటు లేదు. న్యూయార్క్‌కు చెందిన రామోన్స్ బ్యాండ్ 1976లో తమ తొలి ఆల్బమ్‌లోని 14 పాటలను సుమారు 29 నిమిషాల్లో ముగించారు. అదే ఏడాది లండన్‌లో ద డామ్డ్ బ్యాండ్ విడుదల చేసిన 'న్యూ రోజ్' బ్రిటిష్ పంక్‌లో మొదటి సింగిల్‌గా పేరు పొందింది. కుర్రతనమే పెట్టుబడిగా మొదలైన సంగీతం అది. రామోన్స్ తొలి నలుగురిలో నేడు ఒక్కరూ లేరు. డామ్డ్ మాత్రం 2023లో 'డార్కడెలిక్' అనే కొత్త ఆల్బమ్ తెచ్చింది. 1980లో లాస్ ఏంజెలస్‌లో మొదలైన బ్యాడ్ రెలిజియన్, 2019 నాటి 'ఏజ్ ఆఫ్ అన్‌రీజన్'లో కూడా 14 పాటలను అరగంటకు కాస్త పైగా సమయంలోనే ముగించింది.

ఈ వేగాన్ని వయసు వేడిగా భావించడం పొరపాటని నా అభిప్రాయం. రామోన్స్ గిటారిస్టు జానీ రామోన్ గిటారు తీగలను దాదాపు ఎప్పుడూ పైనుంచి కిందికే మీటేవారు. మణికట్టు పైకీ కిందికీ ఆడితే శ్రమ తగ్గుతుంది గానీ, ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడదు. అలా కిందికే మీటుతూ పాట పొడవునా వాయించడం సాధనతో పట్టుబడే పని, అంటే పనితనం. పనితనానికి వయసుతో పాటు పదును పెరిగే అవకాశం కూడా ఉంది.

రోలింగ్ స్టోన్స్ విషయానికి వద్దాం. 1962లో పుట్టిన ఈ బ్యాండ్, 2005 తరువాత సొంత పాటలతో మళ్లీ ఆల్బమ్ తేవడానికి 18 ఏళ్లు తీసుకుంది. మధ్యలో 2016లో వచ్చినది పూర్తిగా ఇతరుల పాత బ్లూస్ పాటలను పాడిన ఆల్బమ్. వారికి కొత్త పాటల అవసరం కూడా లేదు. పాతవాటితోనే స్టేడియాలు నిండుతాయి. అటువంటి స్థితిలో బ్యాండ్ గాయకుడు మిక్ జాగర్ 2023 వాలెంటైన్స్ డే నాటికి పని ముగించాలని గడువు పెట్టారు. 1990లో పుట్టిన ఆండ్రూ వాట్‌ను నిర్మాతగా తీసుకున్నారు. ఆయన రోజుకొక స్టోన్స్ టీషర్టు వేసుకుని స్టూడియోకు వచ్చేవారట, అంటే అభిమానే మేస్త్రీ అయ్యాడన్నమాట. అక్టోబరులో 'హాక్‌నీ డైమండ్స్' విడుదలయ్యే నాటికి జాగర్‌కు 80 ఏళ్లు. ఏళ్ల తరబడి సాగదీసిన పని, గడువు పడ్డాక నెలల్లో తెమిలింది. అదే నిర్మాతతో పెర్ల్ జామ్ బ్యాండ్ 2024 నాటి 'డార్క్ మ్యాటర్'ను మాలిబూలోని స్టూడియోలో దాదాపు మూడు వారాల్లో రికార్డు చేసింది. ఆలోచనకు సమయం తక్కువైతే చేతికి తెలిసినదే ముందుకు వస్తుంది. ఈ రెండు ఆల్బమ్‌ల చురుకుదనానికి నాకు కనిపించే ప్రధాన కారణం ఇదే.

సమయం ఎక్కువైతే ఏమవుతుందో మెటల్ బ్యాండ్ మెటాలికా 2023లో తెచ్చిన '72 సీజన్స్' చెబుతుంది. దాని నిడివి 77 నిమిషాలు. నన్ను అడిగితే మూడో వంతు కోసేసినా నష్టం లేదు. ఈ మాటకు కోప్పడేవారు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు.

శరీరం లొంగిపోయే సందర్భాలూ ఉంటాయి. మరో మెటల్ బ్యాండ్ జుడాస్ ప్రీస్ట్ గిటారిస్టు గ్లెన్ టిప్టన్ తనకు పార్కిన్సన్స్ వ్యాధి ఉందని 2018లో ప్రకటించి, పర్యటనల్లో గిటారు బాధ్యతను ఆండీ స్నీప్‌కు అప్పగించారు. 1980లో పుట్టిన గిటారిస్టు రిచీ ఫాక్‌నర్ అప్పటికే బ్యాండ్‌లో ఉన్నారు. 2024లో వచ్చిన 'ఇన్విన్సిబుల్ షీల్డ్'లో 72 ఏళ్ల గాయకుడు రాబ్ హాల్‌ఫోర్డ్ గొంతు వెనుక ఈ కొత్త చేతుల బలం ఉంది. భారం పంచుకోవడం తెలిసిన బ్యాండ్లే నిలుస్తున్నాయి.

ఉత్తరాంధ్రలో మనకిది కొత్తగా తోచనక్కరలేదు. జాగర్ పుట్టిన 1943లోనే పుట్టిన వంగపండు ప్రసాదరావు గారు గజ్జె కట్టి పాడుతుంటే, వెనుక డప్పుతో, వంతపాటతో నిలిచినవారు ఆ పాటను ఎలా మోసేవారో చూసినవారు ఈ సభలో చాలామంది ఉండాలి.

ఇప్పుడు మీకు రెండు పాటలు వినిపిస్తాను. రెండూ 'హాక్‌నీ డైమండ్స్'లోవే. 'మెస్ ఇట్ అప్'లో డ్రమ్స్ 2021లో మరణించిన స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్‌వి. 'యాంగ్రీ'లో ఆయన స్థానంలో వాయిస్తున్న స్టీవ్ జోర్డాన్‌వి. పాడేవారిని కాసేపు పక్కనపెట్టి, ఇద్దరి చేతుల్లో స్నేర్ (గట్టిగా చిటపటలాడే చిన్న డ్రమ్) దెబ్బ తాళానికి సరిగ్గా పడుతోందా, కొంచెం వెనకగా పడుతోందా గమనించండి. మీ మీ డ్రమ్మర్లను ముందు వరుసలోకి పంపండి.