పిలిచే పేరు

శ్రోతలకు నమస్కారం.

కొన్నేళ్ళ కిందట విశాఖపట్నంలో ఒక ఆసుపత్రికి మా అమ్మను తీసుకుని వెళ్ళాను. ఓపీ చీటీల దగ్గర పొడవాటి వరుస. నాకు ముందు ముగ్గురి అవతల ఒక అమ్మాయి నిలబడి ఉంది. ముదురు ఆకుపచ్చ చీర, జడలో కనకాంబరాలు, చేతిలో పాత రిపోర్టులు పెట్టుకున్న సంచి. గుమస్తా ఆమె ఆధార్ కార్డు చూశాడు, ఆమె ముఖం చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. తర్వాత కార్డు మీద ఉన్న మగ పేరును హాలంతా వినిపించేలా పిలిచాడు. ఎదురుగా నిలబడి ఉన్న మనిషిని మూడుసార్లు అలా పిలిచాడు. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. వెనకెవరో నవ్వారు. ఆమె కార్డు తీసుకుని, చీటీ అడగకుండానే బయటికి వెళ్ళిపోయింది. వెంట వెళ్ళి పలకరించవలసింది. వంతు పోతుందని నేను వరుసలోనే ఉండిపోయాను. ఆమె ఏ నొప్పితో వచ్చిందో, ఆ నొప్పిని తర్వాత ఎక్కడ చూపించుకుందో నాకు ఈ రోజుకీ తెలియదు.

అప్పటికి నేను కౌన్సెలర్‌గా పని మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు. ఆ తర్వాత ఈ నగరంలో చాలామంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులతో మాట్లాడాను. బతకాలని లేదని నాతో చెప్పినవాళ్ళు వారిలో ఎందరో ఉన్నారు. ఆ ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని వెనక్కి నెట్టగలిగేవి ఏమిటి అన్నదే ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న సంగతి. మొదట ఒక నంబరు చెబుతాను, కాగితం దగ్గర పెట్టుకోండి. 14416. ఇది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు. రాత్రయినా పగలయినా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. వింటున్న వారిలో ఎవరికైనా అలాంటి ఆలోచనలు ఉంటే, నా ప్రసంగం పూర్తయ్యేదాకా ఆగవలసిన పని లేదు. రేడియో కట్టేసి ఇప్పుడే ఫోను చేయండి.

పుట్టినప్పుడు ఆడ అనో మగ అనో రాసినదానికీ, తానెవరో తన లోపల తనకు తెలిసినదానికీ పొంతన కుదరనివారిని ట్రాన్స్‌జెండర్ అంటున్నాం. మనలో చాలామందికి వీళ్ళు రైలు పెట్టెలోనో, జగదాంబ జంక్షన్లో దుకాణాల ముందో చప్పట్లు చరుస్తూ కనిపించినవాళ్ళే. అలా కనిపించేవారు కొందరే. అమ్మాయిగా పెరిగి, తాను మగవాడినని తెలుసుకుని, గాజువాక వైపు ఒక కంపెనీలో పనిచేసుకుంటున్న యువకుడు మీ పక్క సీట్లో కూర్చున్నా మీరు పోల్చుకోలేరు. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక ‘ఇతరులు’ అన్న గడిలో నమోదైనవారు దేశం మొత్తం మీద 4,87,803 మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. జనాభా లెక్కలు రాసుకునే ఎన్యూమరేటరు వచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబడి జవాబు చెప్పేది ఇంటి పెద్ద. ఆ పెద్దకు తెలియనివారు, తెలిసినా ఆయన ఒప్పుకోనివారు ఈ లెక్కలో ఎక్కడుంటారు?

చావుల లెక్క ఇంకా విచిత్రం. 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకటించింది. వారిలో ట్రాన్స్‌జెండర్లు 28 మంది అని రాసింది. నూట నలభై కోట్ల జనాభాలో 28 మంది! నేను ఆ అంకెను నమ్మను. చనిపోయినవారి వివరాలు పోలీసులకు చెప్పేది కుటుంబమే. పాత పేరు చెబుతారు, పాత కార్డు ఇస్తారు, కాగితం మీద పురుషుడు అనో స్త్రీ అనో పడుతుంది. బతికి ఉండగా దొరకని పేరు చనిపోయాక కూడా దొరకదు.

కాస్త జాగ్రత్తగా లెక్కపెట్టిన దేశాల్లో ఏం తేలిందో చూద్దాం. అమెరికాలో 2015లో 27,715 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు పాల్గొన్న ఒక పెద్ద సర్వేలో, వందకు 40 మంది ఎప్పుడో ఒకప్పుడు ప్రాణం తీసుకోబోయామని చెప్పారు. ఆ దేశ జనాభాలో ఇది వందకు ఐదుగురి లోపే. తమంతట తాము ముందుకొచ్చినవారి సర్వే కాబట్టి అంకె కాస్త అటూ ఇటూ కావచ్చునని అనుకుందాం. డెన్మార్క్‌లో దేశ ప్రజలందరి రికార్డులనూ నలభై ఏళ్ళ మేరకు పరిశీలించారు. అక్కడ కూడా ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్లో ఆత్మహత్య మరణాలు మిగతావారి కంటే మూడున్నర రెట్లు ఉన్నాయని 2023లో తేల్చారు.

ఈ అంకెలు విన్నాక, ట్రాన్స్‌జెండర్ అంటే అదొక మానసిక రోగం కదా, అందుకే ఇలా అని అనేవాళ్ళు ఉన్నారు. చదువుకున్నవాళ్ళు కూడా నాతో అన్నారు. అది తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో దీన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించింది. మందులతో, భయపెట్టి, బుజ్జగించి మార్చాలని చూసే ‘చికిత్స’ వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని మన జాతీయ వైద్య కమిషన్ 2022లోనే స్పష్టం చేసింది. వైద్యుడే కాదన్నదాన్ని ఇంకా భూతవైద్యుడి దగ్గరికీ, బాబాల దగ్గరికీ మోసుకెళ్ళే కుటుంబాలు ఉన్నాయి. అక్కడ పిల్లలు తిన్న దెబ్బల గుర్తులు నేను చూశాను.

అయితే ఆ నిస్పృహ ఎక్కడి నుంచి వస్తుంది? అమెరికా పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో చెప్పిన ఒక వివరణ నాకు ఎంతో సరైనదిగా తోస్తుంది. తర్వాత దాన్ని ట్రాన్స్‌జెండర్ల జీవితానికి అన్వయించారు. మొదట బయటి నుంచి దెబ్బ తగులుతుంది. తిట్టు, ఎగతాళి, ఇల్లు అద్దెకు ఇవ్వకపోవడం, ఉద్యోగంలోంచి తీసేయడం. నాలుగుసార్లు తగిలాక, అయిదోసారి తగలకముందే మనిషి భయపడటం నేర్చుకుంటాడు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు ఎక్కబోతూ, పక్కన కూర్చుంటే ఎవరు లేచిపోతారోనని ముందే ముఖాలు వెతకడం మొదలవుతుంది. ఆపైన దాచుకోవడం. గొంతు దాచుకోవాలి, నడక దాచుకోవాలి, ఫోనులో ఫోటోలు దాచుకోవాలి. రోజంతా ఇలా కాపలా కాసుకునే మనిషికి అలసట ఎంత ఉంటుందో ఊహించండి. అన్నిటికంటే లోతైనది చివరి మెట్టు. లోకం తన గురించి అన్నదే నిజమేమోనని తానే అనుకోవడం. ఒక అమ్మాయి నాతో అంది: “మేడమ్, వాళ్ళు నన్ను తిట్టడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు ఆ పని నేనే చేసుకుంటున్నాను.” బతకాలని లేదనే మాట ఎక్కువగా ఈ మెట్టు మీదే వింటాను.

మన దగ్గర ఈ దారి చాలావరకు ఇంట్లోనే, బడిలోనే మొదలవుతుంది. ఎనిమిదో తరగతిలో నడక గురించి ఎగతాళి. బడిలో మరుగుదొడ్డికి వెళ్ళలేక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఉన్న పిల్లవాడు నాకు తెలుసు. పదో తరగతికి ముందే చదువు ఆగుతుంది. కొడుకని పెంచినవాడికి ‘పెళ్ళి చేస్తే కుదుటపడతాడు’ అని సంబంధాలు చూస్తారు. కూతురని పెంచిన బిడ్డ అయితే గడప దాటనివ్వరు, ఫోను లాక్కుంటారు. అందుకే ట్రాన్స్ పురుషుల బాధ మన చెవిన పడదు. ఇల్లు వదిలి రైలెక్కే అవకాశం కూడా వాళ్ళకు తక్కువ.

ఇల్లు వదిలినవారిలో కొందరికి గురువు ఇల్లు దొరుకుతుంది. గురువు అంటే తమలోనే పెద్ద, చేలా అంటే ఆ పెద్ద దగ్గర చేరిన శిష్యురాలు. బయటివాళ్ళు ఈ గురువు-చేలా బంధం గురించి రకరకాలుగా మాట్లాడతారు. నేను చూసింది చెబుతాను. జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చేది అక్కడే. ‘బిడ్డా’ అని పిలిచేది అక్కడే. సొంత ఇల్లు తలుపు వేసేసిన మనిషికి ఆ పిలుపు ప్రాణాన్ని పట్టి ఉంచే తాడు. కొన్నిచోట్ల ఆ తాడే అప్పుగా, కట్టుబాటుగా మారి బిగుసుకుంటుంది కూడా. అయినా ఒంటరి గది కంటే పదిమంది ఉన్న ఇల్లు మేలు.

ఇప్పుడు కాపాడేవాటి గురించి. నాకు ఆశ కలిగించిన పరిశోధన ఒకటి కెనడాలోని ఒంటారియోలో జరిగింది. 433 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను పరిశీలించి 2015లో ప్రచురించారు. బాధ ఎంత అని కొలిచి ఊరుకోకుండా, మనం మార్చగలిగినవి ఏమిటని వెతికారు. తాము ఎవరో తల్లిదండ్రులు గట్టిగా ఒప్పుకున్నవారిలో, ఎగతాళి, వేధింపు తక్కువగా ఎదుర్కొన్నవారిలో చనిపోవాలన్న ఆలోచనలు బాగా తక్కువగా ఉన్నాయి. ఇంకొకటి కూడా తేలింది. బతుకుతున్న తీరుకు సరిపడేలా కనీసం ఒక్క గుర్తింపు కార్డు ఉన్నవారిలోనూ ఆ ఆలోచనలు తక్కువే! అది చదివినప్పుడు నాకు ఆ ఆసుపత్రి వరుస, ఆ ఆకుపచ్చ చీర గుర్తుకొచ్చాయి. నేను ఇంతకు ముందు చెప్పిన అమెరికా సర్వేలోనూ, ఇంటివారు అండగా నిలిచారన్నవారిలో 37 శాతం, నిలవలేదన్నవారిలో 54 శాతం ప్రాణం తీసుకోబోయినవారు.

పేరు సంగతి విడిగా చెప్పాలి. అమెరికాలోనే 129 మంది యువత మీద చేసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. తాను ఎంచుకున్న పేరుతో తనను ఎక్కడెక్కడ పిలుస్తారు అని అడిగారు. ఇంట్లోనా, బడిలోనా, పనిలోనా, స్నేహితుల మధ్యనా? ఇలాంటి చోటు ఒక్కటి పెరిగితే ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం తక్కువగా కనిపించాయి, ఆ దిశగా చేసే పనులు 56 శాతం తక్కువగా కనిపించాయి. చిన్న అధ్యయనమే, నిజమే. కానీ పేరుతో పిలవడానికి డబ్బు ఖర్చు కాదు, ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, డాక్టరు చీటీ అక్కరలేదు. మనం మామూలుగా కొత్త కోడలికి అత్తవారింట పేరు మారిస్తే నెల తిరక్కుండా ఊరంతా నేర్చుకుంటాం కదా!

చట్టం కొంత దూరం వచ్చింది. తానెవరో నిర్ణయించుకునే హక్కు ఆ వ్యక్తిదేనని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న చెప్పింది. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం చేసింది. మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకు నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. నాలుగు వేలతో విశాఖలో గది అద్దె కూడా పూర్తిగా తీరదు. అయినా ఆ డబ్బు చేతికొచ్చిన రోజు రోడ్డు మీదికి వెళ్ళనవసరం లేదని చెప్పినవాళ్ళున్నారు. ఉద్యోగం దొరికినవారిలో మార్పు ఇంకా స్పష్టంగా చూశాను. జీతం కంటే, పొద్దున తనకోసం ఎదురుచూసే చోటు ఒకటి ఉందన్న సంగతి వారిని నిలబెట్టింది.

మీకు తెలిసినవారు ఎవరైనా మూడు పూటలా ముఖం చాటేస్తుంటే, ప్రియమైన వస్తువులు పంచిపెట్టేస్తుంటే, ‘నేను లేకపోతే మీకే హాయి’ అంటుంటే, నేరుగా అడగండి. “చనిపోవాలని అనిపిస్తోందా?” అని ఆ మాటతోనే అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగే మనిషి దొరికినందుకు గుండె తేలికపడుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. హాని చేసుకునే వస్తువులు అందుబాటులో లేకుండా చూడండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, కింగ్ జార్జ్ ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు, తోడు వెళ్ళండి. తోడు అంటే ఆటో ఎక్కించి పంపడం కాదు, చీటీ వరుసలో పక్కన నిలబడటం. పోలీసు కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి జంకేవారికి ఒక మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అలాంటి ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 112కు ఫోను చేయండి.

ఒక తల్లి గురించి చెప్పి ముగిస్తాను. ఇంటి గుర్తులు చెప్పను. కొడుకని పెంచిన బిడ్డ తాను కూతురినని చెప్పినప్పుడు ఆమె మూడు నెలలు మాట్లాడలేదు. ఆ మూడు నెలల్లో ఆ అమ్మాయి నా దగ్గరికి రెండుసార్లు వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు ఆమెను ఇంటికి ఒంటరిగా పంపడానికి నాకు ధైర్యం చాలలేదు. తల్లికి ఫోను చేశాను. ఆమె వచ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగింది: “పాతికేళ్ళు పిలిచిన పేరు నోట్లోంచి ఎలా పోతుందమ్మా?”

నా దగ్గర జవాబు లేదు. ఆమే కనిపెట్టుకుంది. పొద్దున కూరగాయలు తరుగుతూ, ఎవరూ లేనప్పుడు, కొత్త పేరు పైకి అనుకునేదట. మొదటి వారం సగం పేరు దగ్గరే ఆగిపోయేదట. ఒకరోజు అన్నం తినడానికి పిలవబోతే పాత పేరే వచ్చింది. నాలుక కరుచుకుని, మళ్ళీ పిలిచింది. లోపలి గదిలోంచి జవాబు రావడానికి కొంచెం ఆలస్యమైంది. ఆ తర్వాత “వస్తున్నానమ్మా” అన్న మాట వినిపించింది. నిరుడు ఇద్దరూ కలిసి సింహాచలం వెళ్ళి వచ్చి నాకు ప్రసాదం తెచ్చి ఇచ్చారు.

నంబరు మరోసారి చెబుతాను, రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. 14416.

సెలవు. నమస్కారం.