క్రోమ్ తెరిస్తే స్క్రీన్ కొట్టుకుంటోంది: కడప ఫోన్-ఇన్ నుంచి

(ఒక ఆదివారం ఉదయం కడపలో మేము చేసిన ఫోన్-ఇన్ ఇది. హలో హలోలు, లైన్ తెగిన చోట్లు తీసేసి రాశాను. బ్రాకెట్లలో ఉన్న మాటలు నావి.)

అనౌన్సర్: శ్రోతలకు నమస్కారం. కంప్యూటర్ బాగానే ఉంటుంది, ఇంటర్నెట్ తెరిస్తే మాత్రం స్క్రీన్ కొట్టుకుంటుంది. ఎందుకు? ఈ ప్రశ్న మాకు మళ్లీ మళ్లీ వస్తోంది. ఏడురోడ్ల దగ్గర చాలా ఏళ్లుగా సిస్టమ్‌లు రిపేర్ చేస్తున్న టెక్నీషియన్ అన్న ఇవాళ స్టూడియోకి వచ్చారు. మొదటి ఫోన్ ప్రొద్దుటూరు నుంచి. చెప్పండమ్మా.

ప్రొద్దుటూరు శ్రోత: నమస్తే మేడం, నమస్తే అన్నా. నాకు చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. అప్లికేషన్లు పెడతాను, హాల్ టికెట్లు తీసిస్తాను. రెండు వారాల నుంచి క్రోమ్ తెరిస్తే చాలు, స్క్రీన్ టప్ టప్‌మని కొట్టుకుంటోంది. షాపులో అడిగితే మానిటర్ పోయిందన్నారు. కొత్తది కొన్నాను. ఇంటికొచ్చి పెడితే అదీ అలాగే కొట్టుకుంటోందన్నా. డబ్బులు పోయాయి, పని ఆగిపోయింది.

టెక్నీషియన్: రేడియో సౌండ్ కాస్త తగ్గించండమ్మా... ఆ, ఇప్పుడు బాగా వినపడుతోంది. డబ్బులు పోయిన సంగతి తర్వాత ఆలోచిద్దాం, దానికీ ఒక దారుంది. కొత్త మానిటర్‌తో కొత్త కేబులే వేశారా, పాతదా?

ప్రొద్దుటూరు శ్రోత: డబ్బాలో వచ్చిన కొత్త కేబులే అన్నా. హెచ్‌డీఎంఐ.

టెక్నీషియన్: అయితే మానిటర్‌దీ కాదు, కేబుల్‌దీ కాదు. రెండూ మార్చినా జబ్బు పోలేదంటే అది సీపీయూలో ఉంది. ఇప్పుడు సిస్టమ్ ముందే ఉన్నారా? వర్డ్‌లో టైప్ చేస్తే కొట్టుకుంటుందా?

ప్రొద్దుటూరు శ్రోత: లేదన్నా. వర్డ్‌లో గంటసేపు చేసినా ఏమీ కాదు. క్రోమ్‌లో పేజీ కిందికి జరిపితే, వీడియో పెడితే ఎక్కువ.

టెక్నీషియన్: మంచిది. క్రోమ్ తెరిచే ఉంచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ అని చిన్న కిటికీ వస్తుంది. వెనక పేజీ కొట్టుకుంటున్నప్పుడు ఆ కిటికీ కూడా కొట్టుకుంటుందా, నిలకడగా ఉందా? తొందరలేదు, చూసి చెప్పండి.

(స్టూడియోలో అందరం ఆగాం. ఫోన్‌లో కీబోర్డు చప్పుడు వినిపించింది.)

ప్రొద్దుటూరు శ్రోత: అది కదలట్లేదన్నా. వెనక క్రోమ్ ఒక్కటే కొట్టుకుంటోంది.

టెక్నీషియన్: విండోస్ తయారు చేసిన మైక్రోసాఫ్ట్ వాళ్లు చెప్పే పరీక్షే ఇది. టాస్క్ మేనేజర్ కూడా కొట్టుకుంటే డిస్‌ప్లే డ్రైవర్‌ను అనుమానించాలి. అది నిలబడి మిగతాది కొట్టుకుంటే ఏదో ఒక ప్రోగ్రామ్‌ను అనుమానించాలి. మీ దగ్గర క్రోమ్ దొరికింది. అయినా క్రోమ్ ఒక్కదాని మీదే తప్పు వేయకూడదు. ఎందుకంటే... మీ ఇంట్లో పెళ్లి వంటలు చూసుంటారు కదా?

ప్రొద్దుటూరు శ్రోత: చూశానన్నా.

టెక్నీషియన్: పెద్ద వంటమనిషి ఒకరుంటారు. ఓళిగలు వత్తడానికి వేరే మనిషిని పెడతారు, ఆ పనిలో ఆ చెయ్యి వేగం. సీపీయూలో ప్రాసెసర్ పెద్ద వంటమనిషి. బొమ్మలు, వీడియోలు స్క్రీన్ మీద గీసే గ్రాఫిక్స్ చిప్పు ఓళిగల మనిషి. వాళ్లిద్దరి మధ్య మాట మోసేది డ్రైవర్. వర్డ్‌కి ఓళిగల మనిషితో పెద్ద పని ఉండదు. బ్రౌజర్ మాత్రం పేజీ గీయడానికి, జరపడానికి, వీడియోకి అన్నిటికీ ఆ మనిషినే పిలుస్తుంది. మాట మోసేవాడు తడబడితే ముందు అక్కడే బయటపడుతుంది. అందుకే క్రోమ్‌లో కనిపించేది ఒక్కోసారి డ్రైవర్ జబ్బే అవుతుంది.

ప్రొద్దుటూరు శ్రోత: ఇప్పుడేం చెయ్యాలన్నా?

టెక్నీషియన్: ముందు సగం నింపిన అప్లికేషన్ ఏదైనా ఉంటే పూర్తి చేసి పంపేయండి. క్రోమ్ మూసి తెరవాల్సి ఉంటుంది, నింపినదంతా పోతుంది.

ప్రొద్దుటూరు శ్రోత: ఏమీ లేవన్నా, ఇవాళ సెంటర్ మూసే ఉంది.

టెక్నీషియన్: క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు, అందులో సెట్టింగ్స్, ఎడమవైపు సిస్టమ్. అక్కడ యూజ్ గ్రాఫిక్స్ యాక్సెలరేషన్ వెన్ అవైలబుల్ అని ఉంటుంది. పాత క్రోమ్‌లలో గ్రాఫిక్స్‌కి బదులు హార్డ్‌వేర్ అని ఉండేది. దాన్ని ఆపి, పక్కన వచ్చే రీలాంచ్ నొక్కండి.

ప్రొద్దుటూరు శ్రోత: నొక్కాను... తెరుచుకుంది. (కాసేపటికి) అన్నా, కొట్టుకోవట్లేదు! వీడియో కూడా పెట్టాను, కొట్టుకోవట్లేదు!

టెక్నీషియన్: సంతోషం. కానీ ఇక్కడితో వదిలేయొద్దమ్మా. ఇది నొప్పికి మాత్ర వేసినట్టే. ఇప్పుడు ఓళిగలు కూడా పెద్ద వంటమనిషే వత్తుతున్నారు. ఫ్యాన్ చప్పుడు పెరుగుతుంది, సీపీయూ వేడెక్కుతుంది, పెద్ద వీడియోలు ఆగి ఆగి వస్తాయి. మన ఎండాకాలంలో అది మంచిది కాదు. రెండు వారాల కింద మొదలైందన్నారు. అప్పుడు విండోస్ అప్‌డేట్ ఏమైనా అయిందా?

ప్రొద్దుటూరు శ్రోత: అయిందన్నా. పొద్దున ఆన్ చేస్తే అదే అప్‌డేట్ చేసుకుంటూ చాలాసేపు ఆగింది.

టెక్నీషియన్: దాంతోపాటు కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ వచ్చి ఉండొచ్చు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డివైస్ మేనేజర్ తెరవండి. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మీ గ్రాఫిక్స్ పేరుంటుంది. దాని ప్రాపర్టీస్‌లో డ్రైవర్ అనే పేజీలో రోల్ బ్యాక్ డ్రైవర్ అని బటన్. అది నొక్కితే పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. మధ్యలో స్క్రీన్ కాసేపు నల్లబడితే కంగారు పడొద్దు. తర్వాత రీస్టార్ట్ చేసి, క్రోమ్‌లో ఆపిన సెట్టింగ్ మళ్లీ ఆన్ చేసి చూడండి. ఆ బటన్ మసగ్గా ఉండి నొక్కుడుపడకపోతే పాత డ్రైవర్ సిస్టమ్‌లో లేదని అర్థం. అప్పుడు ఇంటెల్, ఏఎమ్‌డీ, ఎన్‌విడియా, మీది ఏదైతే ఆ కంపెనీ సైటు నుంచే డ్రైవర్ దించుకోండి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. డ్రైవర్లు అన్నీ ఉచితంగా అప్‌డేట్ చేస్తామని వచ్చే సాఫ్ట్‌వేర్లు వేసుకోవద్దు. మీ సెంటర్‌లో జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు టైప్ చేస్తారు.

అనౌన్సర్: ప్రోగ్రాం అయ్యేలోపు చేసి చూసి మళ్లీ ఫోన్ చేయండమ్మా. తర్వాత ఎర్రగుంట్ల.

ఎర్రగుంట్ల శ్రోత: సార్, నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఆఫీసు పని నాది. ఆ అక్క చెప్పినట్టే మాదీ. ఈ-వే బిల్లు తీసేటప్పుడు స్క్రీన్ ఒక్కసారి మసకేసి వస్తుంది. క్రోమ్‌లోనే.

టెక్నీషియన్: వేరే బ్రౌజర్‌తో చూశారా?

ఎర్రగుంట్ల శ్రోత: ఎడ్జ్‌లో కూడా అంతే సార్.

టెక్నీషియన్: ఎడ్జ్ 2020 నుంచి క్రోమ్ నడిచే క్రోమియం అనే సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది. ఆ రెండింటినీ పోల్చితే పెద్దగా తెలియదు, ఫైర్‌ఫాక్స్‌తో పోల్చాలి. సరే, ఇది చెప్పండి. బ్రౌజర్ మూసి అకౌంట్లు రాసుకునేటప్పుడు ఎప్పుడూ రాలేదా?

ఎర్రగుంట్ల శ్రోత: అవి సాయంత్రం రాస్తాను సార్, మిషన్లు ఆపేశాక. అప్పుడు రాదు.

టెక్నీషియన్: చూశారా! ఈ-వే బిల్లు లోడు పడేటప్పుడు తీస్తారు. అప్పుడు కట్టర్ నడుస్తుంటుంది. పెద్ద మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు కరెంటు ఒక్కసారిగా లాగుతుంది, అదే లైన్ మీదున్న ఆఫీసులో వోల్టేజీ పడిపోతుంది. రేపు కట్టర్ వేసే ముందు మానిటర్ కిందున్న మెనూ బటన్ నొక్కి, మెనూ తెరిచి ఉంచండి. మానిటర్ సొంతంగా చూపించే ఆ మెనూ కూడా మసకేస్తే బ్రౌజర్‌కి సంబంధం లేదు.

ఎర్రగుంట్ల శ్రోత: మరి పరిష్కారం సార్?

టెక్నీషియన్: ఆఫీసుకి వేరే లైన్, సిస్టమ్‌కి యూపీఎస్, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో పరీక్ష. ఇవన్నీ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. ఎర్త్ గుంత ఎండిపోతే పని చేయదు, మన వైపు ఎండాకాలంలో దానికి నీళ్లు పోస్తుండాలి. రాతిపొడి కూడా సీపీయూ ఫ్యాన్‌లో చేరుతుంది. కరెంటు తీసేసి నెలకోసారి బ్లోయర్ కొట్టండి.

(ఇద్దరూ ఒకే మాట చెప్పారు, ఇద్దరి జబ్బూ వేరు. అక్కడే మానిటర్ మార్చేయమని చెప్పడం ఎంత తప్పో నాకు అర్థమైంది.)

అనౌన్సర్: కడప నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి.

విద్యార్థి: అన్నా, నాకు రెండు మానిటర్లు. ఒకటి 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది, ఇంకోటి 60. బ్రౌజర్‌లో వీడియో ఫుల్ స్క్రీన్ పెడితే వెలుతురు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. చీకటి సీన్లలో ఎక్కువ.

టెక్నీషియన్: వెలుతురే ఊగుతోందంటే ముందు వేరియబుల్ రిఫ్రెష్ రేట్‌ను, అంటే బొమ్మ మార్చే ఆ వేగాన్ని మానిటర్ అవసరాన్ని బట్టి మార్చుకునే ఏర్పాటును చూడు తమ్ముడూ. మానిటర్ మెనూలో ఫ్రీసింక్ అనో, అడాప్టివ్ సింక్ అనో ఉంటుంది. ఆటలకు అది మంచిదే. వీడియోలో ఫ్రేముల లెక్క మారుతుంటే మానిటర్ కూడా వేగం మార్చుకుంటుంది, కొన్ని ప్యానెళ్లలో దాంతోపాటు వెలుతురు మారుతుంది. దాన్ని ఆపి చూడు.

విద్యార్థి: విండోస్ లోపలి సెట్టింగ్‌లు దాచే రిజిస్ట్రీలో ఓవర్‌లే టెస్ట్ మోడ్ అని ఒక విలువ 5 పెట్టమని ఫ్రెండ్ చెప్పాడన్నా.

టెక్నీషియన్: అది మల్టీ ప్లేన్ ఓవర్‌లేని ఆపే పద్ధతి. వీడియోను విడి పొరగా నేరుగా స్క్రీన్‌కి పంపే ఏర్పాటు అది. దానివల్ల కొట్టుకోవడం నిజమే, ఎన్‌విడియా వాళ్లే దాన్ని ఆపే ఫైల్ ఇచ్చారు. కానీ ముందు ఫ్రీసింక్ ఆపు, తర్వాత డ్రైవర్ చూడు, ఒక్కోసారి ఒక్కటే మార్చు. రిజిస్ట్రీ చివర, అదీ బ్యాకప్ తీసుకున్నాకే. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో నీకే తెలియదు.

అనౌన్సర్: మైదుకూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్.

మైదుకూరు శ్రోత: బాబూ, నాది పాత సిస్టమ్, విండోస్ 7. మీరు చెప్పిన సెట్టింగ్ నాకూ పనికొస్తుందా?

టెక్నీషియన్: వస్తుంది సార్, పేరు మాత్రం హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ అని కనిపిస్తుంది. విండోస్ 7కి వచ్చిన చివరి క్రోమ్ 109. ఆ తర్వాత దానికి భద్రతా అప్‌డేట్లు లేవు. స్క్రీన్ బాగైనా సరే, దాంట్లో పెన్షన్, బ్యాంకు పనులు మాత్రం చేయకండి సార్. వాటిని మీ పిల్లల సిస్టమ్‌లో చేసుకోండి.

అనౌన్సర్: ప్రొద్దుటూరు మళ్లీ లైన్లో ఉన్నారు. ఏమైందమ్మా?

ప్రొద్దుటూరు శ్రోత: రోల్ బ్యాక్ అయింది మేడం! రీస్టార్ట్ చేసి ఆ సెట్టింగ్ మళ్లీ ఆన్ చేశాను. పది నిమిషాల నుంచి వీడియో నడుస్తోంది, ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.

టెక్నీషియన్: భలే చేశారమ్మా. విండోస్ అప్‌డేట్‌ని కొన్ని వారాలు పాజ్‌లో పెట్టండి, లేకపోతే అదే డ్రైవర్ మళ్లీ వేసుకుంటుంది. ఆలోపు ఇంకా కొత్తది వచ్చిందేమో కంపెనీ సైటులో చూడండి. వస్తే అది వేసి, అప్‌డేట్లు మళ్లీ ఆన్ చేయండి, ఎప్పటికీ ఆపేయొద్దు. ఇక మీ పాత మానిటర్. పారేయలేదు కదా?

ప్రొద్దుటూరు శ్రోత: మూలన పెట్టానన్నా.

టెక్నీషియన్: సీపీయూ వెనక హెచ్‌డీఎంఐతోపాటు వీజీఏ సాకెట్ ఉంటే దాన్ని కూడా తగిలించండి. విండోస్ గుర్తు బటన్, పీ కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. దాన్ని వచ్చినవాళ్ల వైపు తిప్పి పెట్టండి. మీరు అప్లికేషన్ నింపుతుంటే వాళ్ల పేరు, పుట్టిన తేదీ వాళ్లే చూసుకుంటారు.

ప్రొద్దుటూరు శ్రోత: మొన్ననే ఒక పాప ఇంటిపేరులో అక్షరం తప్పు పడి మళ్లీ ఫీజు కట్టాల్సి వచ్చిందన్నా... వీజీఏ ఉంది, నీలం రంగు సాకెట్ కనిపిస్తోంది. ఇప్పుడే తగిలిస్తాను.