ఉల్లిపొర ముందు, యానిమేషన్ తర్వాత

నమస్కారం అందరికీ. మహారాష్ట్రల ఉన్న సిరొంచ నుంచి మాట్లాడుతున్నా. ఈ వీడియో ముఖ్యంగా మా దిక్కు బడుల్లో సైన్స్ చెప్పే సార్లకు, మేడమ్‌లకు. ఇంటికాడ పిల్లల్ని కూసోబెట్టి చదివించే అమ్మానాన్నలకు కూడా పనికొస్తది. మాట్లాడేది జీవకణం పాఠం గురించి, అది ఫోనుతోటి ఎట్ల చెప్పాల్నో దాని గురించి.

మహారాష్ట్ర పుస్తకాల్లో ఏడో తరగతిలో కణం నిర్మాణం మొదలైతది, ఎనిమిదిలో కణాంగాలు, అంటే కణం లోపలి చిన్న చిన్న భాగాలు, వస్తయి. ఇప్పుడు బడిలో టీవీ ఉంటే చాలు, మొదటి రోజే త్రీడీ యానిమేషన్ పెట్టేస్తున్నరు. కెమెరా కణంలోకి దూసుకుపోతది, ఎర్రగా మైటోకాండ్రియా, ఊదారంగుల కేంద్రకం, ఆకుకు పచ్చదనం ఇచ్చే హరితరేణువులు. పిల్లలు కళ్లార్పకుండ చూస్తరు. చూడనీయండి, కానీ మొదటి రోజు వద్దు. ముందు పిల్లగాని చేతికి ఉల్లిగడ్డ రావాలె. యానిమేషన్ ఆఖరికి రావాలె.

ఎందుకంటే, యానిమేషన్ చూసిన పిల్లల్ని ఉల్లిపొర కణం బొమ్మ గీయమనండి. పదిమందిలో చాలామంది లోపల పచ్చటి హరితరేణువులు గీస్తరు. మట్టిల పెరిగిన ఉల్లిగడ్డ లోపలి తెల్లపొరలో హరితరేణువులు ఉండయి! పిల్లల తప్పు కాదది. మనం చూపించే "వృక్షకణం" బొమ్మ ఆకుదీ కాదు, వేరుదీ కాదు, గడ్డదీ కాదు. అన్ని కణాల్లో ఉండేటివన్నీ ఒక్క పెట్టెల సర్దిన బొమ్మ అది. ఆ రంగులు కూడా గీసినోళ్లు పెట్టినయే. అసలు కణం చాలామటుకు నీళ్లలాగ పారదర్శకంగ ఉంటది. ఈ సంగతి పిల్లలకు ఎవరో చెప్పొద్దు, వాళ్లకు వాళ్లే కనిపెట్టాలె.

ఇగ పనిలోకి పోదాం. ఉల్లిగడ్డను నిలువుగ కోసి ఒక రేకు తీయండి. రేకు లోపలి దిక్కు, గుంటగా ఉన్నవైపు, సన్నటి పొర ఒకటి గోటితోటే ఊడొస్తది. దాన్ని స్లైడు మీద నీటిచుక్కల ముడత పడకుండ పరిచి, ముందు రంగు వేయకుండనే చూపించండి. గోడలు కనిపిస్తయి, ఇటుకలు పేర్చినట్టు. లోపల దాదాపు ఏమీ కనబడదు. అప్పుడు మెడికల్ దుకాణంల దొరికే టింక్చర్ అయోడిన్‌ను నీళ్లలో పలుచగ చేసి ఒక చుక్క వేయండి. కొంచెం సేపటికి ఒక్కో గదిలో ఒక్కో గోధుమరంగు చుక్క తేలుతది. అదే కేంద్రకం. ఇక్కడ పిల్లలకు ఒక మాట చెప్పాలె: 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కలో చూసింది ఆ ఉత్త గోడలనే. కేంద్రకానికి పేరు పెట్టింది రాబర్ట్ బ్రౌన్, 1831లో. నూట అరవై ఏండ్ల పైన పట్టిన దారి అది, మన పిల్లలు ఒక్క పీరియడ్ల నడుస్తున్నరు. ఇది చెప్పినప్పుడు వాళ్ల మొహాలు చూడాలె మీరు.

ఇప్పుడు ఫోను. మైక్రోస్కోపు ఐపీస్ మీద, అంటే కన్ను పెట్టి చూసే అద్దం మీద, ఫోను కెమెరాను ఆనించండి. చేతితోటి పట్టుకుంటే వణుకుతది, అందుకని అట్టముక్కతో ఐపీస్‌కు సరిపడ గొట్టం చుట్టి, ఫోనుకు రబ్బరుబ్యాండుతోటి కట్టండి. ఫోకస్ లాక్ చేయండి. ఫోనుల జూమ్ చేయొద్దు, బొమ్మ పెద్దగైతది గానీ కొత్తగా కనిపించేదేం ఉండదు. కేబుల్ ద్వారానో, స్క్రీన్ కాస్టింగ్ ద్వారానో అదే బొమ్మను టీవీకి ఇవ్వండి.

ఫోను చేసే అసలు మేలు ఇదే అని నా నమ్మకం. ఇంతకుముందు ఏమయ్యేది? పిల్లలు వరుసల నిలబడి ఒక్కొక్కరు అర నిమిషం కన్ను పెట్టి, "కనిపించింది సార్" అని పోయేటోళ్లు. ఏం కనిపించిందో సార్‌కు తెల్వదు. చాలామందికి కనిపించేది గాలిబుడగ! నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగ ఉంటది కదా, దాన్నే కణం అనుకుంటరు. టీవీ మీద చూసినప్పుడు, ఒక పిల్ల లేచి వేలుపెట్టి "ఇది బుడగ, ఇది కణం" అని చూపిస్తది, పక్కోడు కాదంటడు, లొల్లి నడుస్తది. ఆ లొల్లి నడవనీయండి, ఆపొద్దు.

తర్వాత కొలత. దీన్ని దయచేసి వదలొద్దు. పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును స్లైడు జాగల పెట్టి 4ఎక్స్, అంటే నాలుగు రెట్లు పెంచే లెన్సుతోటి చూడండి. మామూలు బడి మైక్రోస్కోపులో గుండ్రటి వెలుగు అడ్డంగ దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు వస్తది. 10ఎక్స్‌కు మారిస్తే అది రెండున్నర రెట్లు తగ్గి 1.8 మిల్లీమీటర్లు. ఆ వెడల్పులో ఉల్లికణాలు పొడవుగ ఆరు పట్టినయనుకోండి, ఒక్కోటి 0.3 మిల్లీమీటర్లు, అంటే 300 మైక్రోమీటర్లు. ఏడో తరగతి భాగహారమే ఇది. ఫోటో మీద గీత గీసి ఆ కొలత రాయించండి. తర్వాత బుగ్గ లోపల నుంచి ఎవరిది వాళ్లు టూత్‌పిక్ మొద్దుకొనతో మెల్లగ గీకి తీసిన కణాలను, మిథిలిన్ బ్లూ అనే నీలిరంగు వేసి, అట్లనే కొలవాలె. అవి 60 మైక్రోమీటర్ల చుట్టుపక్కల వస్తయి, గోడ లేదు, ఆకారం ఒక తీరుగ లేదు. వాడిన టూత్‌పిక్‌లు, స్లైడ్లు బ్లీచింగ్ నీళ్లలో వేయాలె, ఒకరిది ఒకరు ముట్టొద్దు.

మా దిక్కు చెరువులు, గోదావరి పాయలు ఎన్ని ఉన్నయో తెలుసు కదా. వాటిల్లో హైడ్రిల్లా అనే నీటిమొక్క పెరుగుతది. దాని ఆకు రెండు కణాల మందమే, అందుకని కోయకుండ, రంగు వేయకుండ అట్లనే స్లైడు మీద పెట్టొచ్చు. 40ఎక్స్ లెన్సు పెట్టి, ఆకు నడి ఈనె దగ్గర, మంచి వెలుతురులో కొంచెంసేపు ఓపిక పట్టండి. పచ్చటి హరితరేణువులు గోడ వెంబడి వరుసకట్టి తిరుగుతుంటయి. కదలిక మెల్లగ ఉంటే ఫోనుల వీడియో తీసి వేగం పెంచి చూపించండి. పుస్తకంల బొమ్మ ఇది ఎన్నటికీ చూపించలేదు. కణం బతికున్నదని పిల్లలకు నమ్మకం కలిగేది ఇక్కడే.

మైక్రోస్కోపు లేని బడులకు ఫోల్డ్‌స్కోప్ ఉంది. మను ప్రకాశ్, జిమ్ సిబుల్‌స్కీ స్టాన్‌ఫర్డ్‌లో తయారుచేసిన కాగితపు మైక్రోస్కోపు, సుమారు 140 రెట్లు పెంచి చూపిస్తది, ఫోనుకు తగిలించొచ్చు. ఉల్లిపొరకు అది చాలు.

ఇదంతా అయినంక యానిమేషన్‌కు వేళొస్తది, అవసరం కూడా వస్తది. కణంల ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు 20, 30 నానోమీటర్ల సైజువి, మైక్రోమీటరులో వెయ్యో వంతే నానోమీటరు. వెలుతురుతో పనిచేసే ఏ మైక్రోస్కోపుకూ అవి అందయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలె. బడి మైక్రోస్కోపుల మైటోకాండ్రియా చూడటం కూడా కష్టమే. మన కన్ను ఆగిన కాడ బొమ్మ మొదలవ్వాలె. యూటా విశ్వవిద్యాలయం వాళ్ల లర్న్ జెనెటిక్స్ సైట్ల ఒక స్లైడర్ ఉంది, కాఫీగింజ నుంచి కర్బన పరమాణువు దాక జరుపుకుంట పోవచ్చు. పిల్లలు తాము కొలిచిన కణం దాని మీద ఎక్కడొస్తదో వెతకాలె.

అంకీస, ఆసరెల్లి దిక్కు నెట్ సరిగ రాదని నాకు తెలుసు. సర్కారు వాళ్ల చదువుల యాప్ దీక్షల పాఠాలు సిగ్నల్ ఉన్న కాడ డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ లేకుండ నడుస్తయి. ఫోటోల మీద పేర్లు మాత్రం మరాఠీలో రాయించండి, పరీక్ష అందులోనే కదా. మాట్లాడుకునేది తెలుగులోనే కానీయండి, ప్రశ్నలు అడగటానికి వాళ్లు అప్పుడే నోరు విప్పుతరు.

యానిమేషన్ పెట్టినంక పిల్లలకు ఒకటే పని ఇవ్వండి: మీ ఫోటో పక్కన పెట్టుకుని, యానిమేషన్‌లో ఏది మీరు చూసినట్టు లేదో రాయండి. రంగు, సైజు, ఎన్ని ఉన్నయి, ఖాళీ జాగ ఎంత. వాళ్లు రాసిన కాగితాలు ఫోటో తీసి కామెంట్లలో పెట్టండి, పిల్లల పేర్లు కనిపించకుండ. వచ్చే వీడియోలో వాటినే ఒక్కొక్కటి తీసుకుని మాట్లాడుకుందాం.