మూలమట్టం చుట్టూ అల్లుకున్న సోదర సంఘం

సభకు నమస్కారం. హనుమకొండలో ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం గురించి మాట్లాడబోతున్నానని తెలిసి, అదేదో రహస్య ముఠా కదా అని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. రహస్యం సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ పేరులో ఉన్న వృత్తిని చూద్దాం. మేసన్ అంటే మనం మేస్త్రీ అని పిలుచుకునే మనిషే. మేస్త్రీ అన్న మాట కూడా పోర్చుగీసు నుంచి మనకు వచ్చింది, అక్కడ దానికి గురువు, పనిలో ఆరితేరినవాడు అని అర్థం. యూరప్‌లో చర్చీలూ కోటలూ కట్టిన రాతిపనివారు పని జరిగే చోట వేసుకున్న పాకను లాడ్జి అనేవారు. తరాలు గడిచేకొద్దీ, ఉలి పట్టని పెద్దమనుషులు కూడా లాడ్జిల్లో చేరి, పనివారి సామాన్లను నడవడికకు గుర్తులుగా తీసుకున్నారు. లండన్‌లో నాలుగు లాడ్జిలు కలిసి 1717 జూన్ 24న గ్రాండ్ లాడ్జిగా, అంటే లాడ్జిలకు పెద్ద సంస్థగా ఏర్పడ్డాయి.

మా ఇంటి గోడ లేస్తున్న రోజుల్లో మేస్త్రీ దారానికి గుండు కట్టి పైనుంచి వదిలి, అది ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. గుండుకూ గోడకూ మధ్య సందు కింద ఒకలా, పైన ఒకలా ఉంటే మాట్లాడకుండా రెండు వరుసలు విప్పేసేవాడు. లాడ్జిలో ఆ తూకపు గుండు జూనియర్ వార్డెన్ అనే పదవిలో ఉన్నవారి మెడలో పతకంగా ఉంటుంది, మనిషి నిటారుగా బతకాలన్నది దాని భావం. అందరూ సమానమని చెప్పే మట్టం సీనియర్ వార్డెన్‌ది, మూలలను సరిచూసే, న్యాయానికి గుర్తయిన మూలమట్టం లాడ్జి పెద్ద అయిన మాస్టర్‌ది. కొత్తగా చేరినవారికి నడుముకు తెల్లని గొర్రెపిల్ల తోలు ఏప్రన్ కడతారు. వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి నీడలో పెరిగిన మనకు ఈ సంకేతాలు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మన దేశంలోకి ఇది ఈస్టిండియా కంపెనీ మనుషులతో వచ్చింది. 1730 నాటికి కలకత్తాలో, 1752లో మద్రాసులో లాడ్జిలు వెలిశాయి. ఆర్కాటు నవాబు కుమారుడు ఉమ్దత్-ఉల్-ఉమరా 1770ల్లోనే సభ్యుడయ్యాడు. హిందువుల విషయంలో మాత్రం పేచీ వచ్చింది. పరమాత్మ ఒక్కడున్నాడని నమ్మినవారికే ప్రవేశం అన్నది నియమం, అనేక దేవతలను కొలిచేవారికి అది వర్తిస్తుందా అన్నది లాడ్జివారి సందేహం. కలకత్తాకు చెందిన ప్రసన్నకుమార్ దత్ 1863లో దరఖాస్తు పెడితే 1872 దాకా తలుపు తెరుచుకోలేదు. ఫ్రీమేసన్లు దేవుణ్ణి పిలిచే పేరు విశ్వనిర్మాత. విశ్వకర్మను తరతరాలుగా పూజించే నేలవారిని ఆ కారణంతో తొమ్మిదేళ్లు బయట నిలబెట్టడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. ఆ తర్వాత 1884లో నరేంద్రనాథ్ దత్త, అంటే వివేకానందుడు, కలకత్తాలోనే ఒక లాడ్జిలో చేరాడు.

సరిగ్గా ఆ 1872లోనే, హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీల కాలం నాటి గోషామహల్ బారాదరి అనే మండపం నిజాం ప్రభుత్వం నుంచి ఫ్రీమేసన్లకు దక్కింది. దండు దిగినచోట లాడ్జి లేవడం ఆనాటి రివాజు, సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కనే ఉంది. తెల్లదొరలూ, దర్బారు నవాబులూ, పార్సీలూ, వకీళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేయడం, ఒకరినొకరు సోదరా అని పిలుచుకోవడం, పంక్తిభేదాలు గట్టిగా ఉన్న ఆ కాలంలో చిన్న విషయం కాదు. అయితే ఆ బల్ల దగ్గర చోటు హోదా ఉన్నవారికే. గుండు, మట్టం, మూలమట్టం మూడూ లోపలికి వెళ్లాయి. వాటిని రోజంతా చేతపట్టే వడ్డెర మేస్త్రీ మాత్రం గుమ్మం బయటే ఉండిపోయాడు. ఈ చరిత్ర ఎవరు చెప్పినా ఈ మాటను దాటేసి పోకూడదు.

1961 నవంబర్ 24న గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడి, పెత్తనం మన చేతికి వచ్చింది. రాంపూర్ నవాబు రజా అలీ ఖాన్ మొదటి గ్రాండ్ మాస్టర్. తెలంగాణ లాడ్జిలు చెన్నై కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంతీయ శాఖ కింద ఉన్నాయి. మన లాడ్జిల పీఠం మీద భగవద్గీత, ఖురాన్, బైబిల్ వంటి గ్రంథాలు పక్కపక్కనే ఉంటాయి. లోపల మతవాదాలూ రాజకీయాలూ ఎత్తకూడదు. సమావేశం ముగిశాక కలిసి భోజనం చేస్తారు, చదువులకూ వైద్యానికీ చందాలు వేసుకుంటారు. స్త్రీలకు ఈ లాడ్జిల్లో ఈనాటికీ సభ్యత్వం లేదు. వారిని చేర్చుకునే వేరే శాఖను అనీబిసెంట్ మన దేశానికి తెచ్చింది. ఇక రహస్యం అంటారా, వారు దాచేది ఒకరినొకరు గుర్తుపట్టే సంజ్ఞలనూ, దీక్షా విధులనూ మాత్రమే. చిరునామాలూ నియమాలూ అందరికీ తెలిసినవే.

చివరగా ఒక విన్నపం. 1886లో రైలు వరంగల్ చేరాక ఇక్కడి నుంచి హైదరాబాద్‌కు రాకపోకలు పెరిగాయి. మీ ముత్తాతల్లో రైల్వే అధికారులూ, వకీళ్లూ, డాక్టర్లూ ఉండి ఉంటే, అటక మీది ట్రంకుపెట్టె ఒకసారి దించండి. మడతల్లో లేత నీలం అంచున్న తెల్లటి తోలు ఏప్రన్ గానీ, మూలమట్టమూ, వృత్తాలు గీసే కంపాసూ అచ్చయిన పాత యోగ్యతాపత్రం గానీ కనబడితే పారేయకండి. దాని మీది పేరూ తేదీ రాసిపెట్టి, ఫొటో తీసి నాకు చూపించండి.