ఉద్యోగ పరీక్ష న్యాయంగా ఉందని మనకు ఎప్పుడనిపిస్తుంది?

[స్క్రీన్ మీద: కంప్యూటర్ ముందు ఒక అమ్మాయి. పై మూలన టైమర్, 00:41]

ఈ అమ్మాయి అకౌంటెంట్ ఉద్యోగానికి పరీక్ష రాస్తోంది. ఎదురుగా వరసగా నాలుగు త్రిభుజాలు, ఒక్కోటి కాస్త పక్కకు తిరిగి ఉంది. ఐదోది ఎటు తిరగాలి? టైమ్ అయిపోతోంది. ఆమె బుర్రలో మాత్రం ఇంకో ప్రశ్న: "లెక్కలు చూసే పనికీ, ఈ త్రిభుజాలకీ ఏంటి సంబంధం?"

చాలామందికి పరీక్ష మీద నమ్మకం సడలేది సరిగ్గా ఇక్కడే. ఇంకా మార్కులు కూడా రాలేదు.

[స్క్రీన్ మీద: 1993]

అభ్యర్థులు ఒక ఎంపిక పద్ధతిని దేన్నిబట్టి న్యాయమైనదని అనుకుంటారో స్టీఫెన్ గిల్లిలాండ్ అనే పరిశోధకుడు 1993లో పది సూత్రాలుగా రాశారు. అందరినీ ఒకేలా చూశారా, అడగకూడనివి అడిగారా, ఫలితం గురించి ఏమైనా చెప్పారా, ఇలాంటివి. పదీ చెప్పుకుంటూ పోను. రెండిటి దగ్గర ఆగుదాం, ఎక్కువమంది బాధ అక్కడే కాబట్టి.

ఒకటి, పరీక్షకూ పనికీ సంబంధం కనిపించాలి. రెండు, "నాకు వచ్చింది చూపించే అవకాశం దొరికింది" అనిపించాలి.

[స్క్రీన్ మీద: బిల్లుల కట్ట, పక్కన లెడ్జర్]

అదే అమ్మాయికి ఇరవై బిల్లులు ఇచ్చి, ఎక్కడో లెక్క తప్పింది, పట్టుకోమంటే? పట్టుకోలేకపోయినా "నా పనే కదా అడిగారు" అనుకుంటుంది. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా ఇదే కనిపించింది. ఇంటర్వ్యూలు, అసలు పనే చేయించి చూసే పరీక్షలు అభ్యర్థులకు బాగా నచ్చుతాయి. చేతిరాతను బట్టి మనిషిని అంచనా వేయడం అడుగున ఉంటుంది.

ఇంటర్వ్యూ ఎందుకు నచ్చుతుంది? మాట్లాడొచ్చు, మన గురించి చెప్పుకోవచ్చు, ఎదుటి మనిషి వింటున్నాడు. కానీ తోచిన ప్రశ్నలు అడుగుతూ సాగే ఇంటర్వ్యూ కన్నా, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి ఒకే కొలతతో మార్కులిచ్చే ఇంటర్వ్యూయే పనితీరును బాగా అంచనా వేస్తుంది. అంటే మనకు హాయిగా అనిపించిన కబుర్లే మనకు అన్యాయం చేసి ఉండొచ్చు. ఈ విషయం నన్ను చాలా కలవరపెడుతుంది.

త్రిభుజాలదీ ఇలాంటి కథే. అవి కొలిచే తర్కశక్తి చాలా ఉద్యోగాల్లో నిజంగానే అక్కరకొస్తుంది. రాసేవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పరు, అంతే. పరీక్ష ఎందుకు పెడుతున్నారో ముందే వివరిస్తే, అది న్యాయంగా ఉందనే భావన పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఫలితం ప్రభావం కూడా ఉంటుంది, ఎంపికైనవాళ్లకు పద్ధతి మెరుగ్గానే కనిపిస్తుంది. అయినా టెన్షన్‌తో కూర్చున్న మనిషికి రెండు వాక్యాలు చెప్పకపోవడం నాకు తప్పుగానే అనిపిస్తుంది.

[స్క్రీన్ మీద: మళ్లీ అదే అమ్మాయి. త్రిభుజాల పైన కొత్తగా రెండు వాక్యాలు]

"కొత్త విషయాన్ని మీరెంత త్వరగా పట్టుకుంటారో ఈ ప్రశ్నల్లో చూస్తాం. తర్వాతి భాగంలో బిల్లులు, లెడ్జర్ ఇస్తాం."

[ఆమె చదువుతుంది. కుర్చీ ముందుకు లాక్కుంటుంది. టైమర్ మొదలవుతుంది]