ఎస్‌బీ 403: వీటో పడ్డాక కూడా అదే గొడవ

(2023 అక్టోబర్, వీటో వచ్చిన వారం జరిగిన చర్చ ఇది. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడినచోట వినపడినంత వరకే రాశాం.)

యాంకర్: అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర సెనేటర్ ఆయిషా వహాబ్, కుల వివక్షను నిషేధించాలని తెచ్చిన బిల్లు ఎస్‌బీ 403ను గవర్నర్ న్యూసమ్ అక్టోబర్ 7న వీటో చేశారు. ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తాను. ముందు ఇది చెప్పండి, ఈ బిల్లు పాసై ఉంటే మన పిల్లల ఉద్యోగాలకు ఎసరొచ్చేదా?

వ్యాపారి: వచ్చేదండీ! మన పేరు చూడగానే వీడికి కులపిచ్చి ఉందేమోనని ప్రతి మేనేజరూ...

లాయర్: ఒక్క నిమిషం. మొదట బిల్లులో కులాన్ని విడిగా పెట్టారు, అభ్యంతరాలొచ్చాక సవరించి, చట్టంలో ముందే ఉన్న ‘వంశం’ అన్న మాట కిందికి చేర్చారు. మేలో సెనేట్‌లో 34-1, ఆగస్టులో అసెంబ్లీలో 50-3...

వ్యాపారి: ఓట్లు కాదు సార్, మా పరువు సంగతి చెప్పండి. ముప్పై ఏళ్లుగా కాలిఫోర్నియాలోనే, ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను, ఒక్కరిని కులం అడగలేదు.

ఉద్యోగిని: మీరు అడగక్కర్లేదు సార్. నేను చేరిన మొదటి వారం లంచ్‌లో అడిగారు. ఊరు ఏదన్నారు, చెప్పాను. ఇంటిపేరేంటన్నారు, చెప్పాను. అప్పటికీ తేలక ‘ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు’ అన్నారు. మర్నాటి నుంచి ఆ టేబుల్ దగ్గర నాకు కుర్చీ ఖాళీ లేదు.

యాంకర్: అయ్యో. మరి దానివల్ల ఉద్యోగం పోయిందా?

ఉద్యోగిని: ఉద్యోగం కాదండీ, నేను చెప్పేది...

వ్యాపారి: చూశారా, పోలేదు! చూడమ్మా, ఊరి మనిషి కనిపిస్తే ఊరు అడుగుతాం, అది ఆప్యాయత.

ఉద్యోగిని: మరి కులానికో వనభోజనాలు పెడతారు కదా, అదీ ఆప్యాయతేనా?

వ్యాపారి: కార్తీక మాసంలో ఉసిరిచెట్టు కింద నాలుగు ముద్దలు తినడం కూడా నేరమేనా?

యాంకర్: అక్కడ ఉసిరిచెట్లున్నాయా?

వ్యాపారి: కుండీలో పెట్టుకుంటామండీ.

(ఉసిరి మొక్క చలికి తట్టుకుంటుందా అని రెండు నిమిషాలు. అది తీసేశాం.)

లాయర్: గవర్నర్ కూడా కుల వివక్ష లేదనలేదు. ఉన్న చట్టాలే దాన్ని నిషేధిస్తున్నాయి, కొత్తది అక్కర్లేదన్నారు. సియాటిల్‌లో అయితే ఇలాంటి నిషేధాన్నే ఫిబ్రవరిలోనే 6-1తో సిటీ కౌన్సిల్ పాస్ చేసింది...

వ్యాపారి: అక్కర్లేదన్నారా లేదా? నేను గంట నుంచి చెబుతున్నది అదే!

ఉద్యోగిని: చట్టంలో ఆ మాట లేకపోతే హెచ్‌ఆర్‌కి వెళ్లి ఏమని చెప్పాలండీ? కులం అంటే ఏంటని వాళ్లే తిరిగి నన్ను...

వ్యాపారి: అక్కర్లేదన్నారు! గవర్నరే అన్నారు!

లాయర్: మూడింట రెండొంతులు ఓటేస్తే వీటోను దాటొచ్చు. ఎనభై మంది అసెంబ్లీలో 54 కావాలి, వచ్చినవి యాభై...

యాంకర్: టైమ్ అయిపోతోంది సార్. (వ్యాపారితో) మీరు చెప్పండి, మన పిల్లల ఉద్యోగాలు ఇప్పుడు సేఫేనా?

వ్యాపారి: ప్రస్తుతానికి సేఫ్. కానీ ఒక్క విషయం...

(ఆ ఒక్క విషయం నాలుగు నిమిషాలు నడిచింది. ఉద్యోగిని మైకు అప్పటికే ఆపేశారు.)